ముందే చూసొచ్చిన ఊరు

కొత్త దేశానికి కాపురం మార్చే ముందు ఒకసారి వెళ్ళి చూసి రావాలా, అక్కర్లేదా అన్నది ఎప్పటి నుంచో ఉన్న తగువే. చూడకుండా వెళ్ళడమంటే చీకట్లో బాణం వేసినట్టేనని కొందరంటారు. ముందే చూసి వస్తే ఉన్న ధైర్యం కాస్తా జారిపోతుందని ఇంకొందరంటారు. కాకినాడ బీచ్ రోడ్డులో డాక్టర్ కోదండపాణి గారు ల్యాబు పెట్టాక ఆ తగువు తీరిపోయింది. కుర్చీలో నలభై నిమిషాలు పడుకుంటే చాలు, తొమ్మిది రోజులు ఆ ఊళ్ళో ఉండి వచ్చినట్టే. వీసా అక్కర్లేదు, విమానం అక్కర్లేదు, ఆఫీసులో సెలవు కోసం బతిమాలుకోనక్కర్లేదు. ఆ కుర్చీకి 'పూర్వసందర్శన పీఠం' అని ఆయన ఘనంగా పేరు పెట్టుకున్నారు గానీ జనం నోట అది నిలవలేదు. "చూసొచ్చారా?" అని అడుగుతారు, "చూసొచ్చాం" అని చెబుతారు. అంతే.

ఆ ల్యాబులో ధరణి సీనియర్ టెక్నీషియను. ముప్పై ఆరేళ్ళ మనిషి, అందులో తొమ్మిదేళ్ళు అక్కడే గడిపింది. ఏ దేశంలోనైనా ఒక ఊరివాడు తలకి సన్నటి పట్టీ కట్టుకుని ఏడాది పాటు తన పనులు తాను చేసుకుంటూ తిరుగుతాడు. వాడు చూసిందీ, విన్నదీ, వాడి ఒంటికి తగిలిందీ అంతా ఆ పట్టీలోకి ఎక్కుతుంది. దాన్ని కుర్చీకి తగిలించాక జనాన్ని పంపేముందు ఒకసారి తను వెళ్ళి చూసి రావడం ధరణి ఉద్యోగం. వడ్డించేముందు ఉప్పు చూడటం లాంటిదన్నమాట. అలా ఆమె పదకొండు దేశాలు చూసింది. ఆమె పాస్‌పోర్టు మీద మాత్రం ఒక్క ముద్రా పడలేదు.

పదకొండోది నార్వే. ఉత్తరాన గ్రోవిక్ అనే చిన్న రేవు ఊరు. ఆ ఊరికి ఆమె నాలుగుసార్లు వెళ్ళాల్సి వచ్చింది. మొదటిసారి మంచు మీద చెయ్యి వేస్తే చల్లగా లేదు. రెండోసారి చల్లదనం కుదిరింది గానీ రేవు దగ్గర చేపల వాసన రావలసిన చోట కిరసనాయిలు వాసన వచ్చింది. మూడోసారి, ఒంటిగంటకి ఒక్కసారి కొట్టాల్సిన చర్చి గంట రెండుసార్లు కొట్టింది. నాలుగోసారికి అన్నీ సర్దుకున్నాయి. ఆ తిరుగుళ్ళలోనే అక్కడి చేపపిల్లల హేచరీ బయట బోర్డు చూసింది, మనుషులు కావాలని. ఆమె భర్త శేషు ఉప్పాడ వైపు రొయ్యపిల్లల హేచరీలో పదిహేనేళ్ళుగా పనిచేస్తున్నాడు. ఇంటికొచ్చి కూతురికి జడ వేస్తూ ఆ మాట చెప్పింది. శేషు దరఖాస్తు పెట్టాడు, వాళ్ళు రమ్మన్నారు. నలుగురూ వెళ్ళాలి. శేషు తల్లి మంగతాయారు, "నన్నిక్కడ వదిలేసి చల్లగా జారుకుందామనుకుంటున్నారేమో, విమానంలో ముందు సీటు నాదే" అని ముందుగానే ప్రకటించేసింది.

కంపెనీ వాళ్ళది ఒకటే షరతు. ఐదేళ్ళు దాటిన ప్రతివాళ్ళూ కుర్చీలో పడుకుని చూసిరావాలి. ఆ కాగితం మీద ల్యాబు సంతకం ఉండాలి. ధరణి ఎలాగూ చూసింది. ఇక మిగిలింది శేషు, మంగతాయారు, రెండో తరగతి చదివే చార్వి.

ముందుగా శేషు చూసొచ్చాడు. వెళ్ళేముందు పది రోజుల పాటు అతను ఇంట్లో ఎవరినీ నిద్రపోనివ్వలేదు. చల్లటి నీళ్ళలో చేపగుడ్డు ఎన్ని రోజులకు పగులుతుంది, అక్కడి వాళ్ళు మేత ఎన్నిసార్లు వేస్తారు, సముద్రం గడ్డకడితే పడవలేం చేస్తారు అని అన్నం ముందు కూర్చుని కూడా అవే మాటలు. కుర్చీ లోంచి లేచిన రోజు సాయంత్రం ధరణి కాఫీ ఇస్తూ అడిగింది.

"ఎలా ఉందండీ?"

"బాగానే ఉంది," అన్నాడు శేషు.

"హేచరీ చూశారా?"

"ఆయ్. చూశాను. బాగానే ఉంది."

కాఫీ తాగి పేపరు తీసుకున్నాడు. ఆ గొంతు ఎక్కడో విన్నట్టుందే అని ధరణి అనుకుంది. మర్నాడు ఆఫీసుకు వెళ్ళి హెడ్‌ఫోను పెట్టుకున్నాక తెలిసింది, ఎక్కడ విన్నదో.

చూసొచ్చి, ఆ తర్వాత నిజంగా వెళ్ళి స్థిరపడ్డ వాళ్ళకి ఏడాది తిరిగాక ఫోన్ చేసి క్షేమసమాచారాలు రాసుకోవడం కూడా ధరణి పనే. అవతలివాళ్ళు ఆస్ట్రేలియాలో ఉన్నా, పోలెండులో ఉన్నా జవాబొకటే. "బాగానే ఉందండీ." ఇల్లెలా ఉంది, బాగానే ఉందండీ. చలి, బాగానే ఉందండీ. మొదటి ఏడాదిలో వెనక్కి వచ్చేసినవాళ్ళు అన్న గడిలో ఐదేళ్ళుగా సున్నాయే. అది చూసే కంపెనీలు ల్యాబు ముందు వరస కడుతున్నాయి. ఆరోజు మాట్లాడిన నలుగురిలో తణుకు నుంచి వెళ్ళిన ఒకాయన, "మొన్న మంగళవారం పాప పుట్టిందండీ. బాగానే ఉందండీ. ఇక్కడ కుళాయి నీళ్ళు కూడా బాగానే ఉన్నాయండీ" అన్నాడు. రెండు మాటలకీ మధ్య గొంతు వెంట్రుకవాసి కూడా మారలేదు. ధరణి రెండూ రాసుకుంది. రాసుకుని, ఇందులో ఏదో తేడా ఉందని అనుకుంది గానీ, మనసులో ఏమీ కదలలేదు.

ఆమెకు మనసు కదలక చాలా రోజులైంది. అదేదో దుఃఖం అనుకునేరు, కాదు. ఏడ్చి నాలుగేళ్ళయింది, గట్టిగా నవ్వి కూడా దాదాపు అంతే. పోయిన శీతాకాలం అందరూ అరకు వెళ్ళారు. రైలు సొరంగంలోంచి బయటపడి లోయ కనబడగానే పెట్టె పెట్టంతా కేకలు వేసింది. అంతకుముందు ఎప్పుడూ అరకు చూడని ధరణి, ఇంతేనా అనుకుని పులిహోర డబ్బా మూత తీసింది. వయసు వస్తోంది కాబోలని తనకు తనే సర్దిచెప్పుకుంది. ముప్పై ఆరేళ్ళకేం వయసని అడిగేవాళ్ళు లేకపోయారు.

ఇక మంగతాయారు సంగతి. ఆవిడ కన్నీళ్ళకు వాళ్ళుండే జగన్నాథపురంలో పేరుంది. తెలియనివాళ్ళ పెళ్ళిలో అప్పగింతలు చూసి ఏడుస్తుంది. పక్కింటివాళ్ళు గేదెను అమ్మేస్తే దాని మెడ పట్టుకుని ఏడ్చింది, ఆ గేదె ఆవిణ్ణి రెండుసార్లు పొడిచినా సరే. నవ్వు కూడా అంత సులువుగానే వస్తుంది. నార్వే మాట వచ్చిన దగ్గర్నుంచీ సామాను మీద రోజుకొక యుద్ధం. ఆవకాయ జాడీ ఎన్ని కేజీలు, ఇత్తడి గిన్నె చేతిసంచిలో పెట్టనిస్తారా, అక్కడ తులసి బతుకుతుందా?

"అమ్మాయ్, కొత్తింట్లో పాలు పొంగించకుండా కాలెలా పెడతాం? ఆ గిన్నె మాత్రం నా ఒళ్ళో పెట్టుకునైనా తెస్తాను," అనేది కోడలితో.

"అలాగే అత్తయ్యా, అక్కడికి నిజంగా వెళ్ళాక పొంగిద్దురుగాని. కుర్చీలో ఊరికే చూసి రావడమే."

ఈ మాట ధరణి నాలుగైదుసార్లు చెప్పింది. ల్యాబువాళ్ళు ఇచ్చే కాగితంలో కూడా ఆరో నిబంధన అదే: జీవితంలో ఒక్కసారి చేసే పనులు అక్కడ ఉండగా చేయరాదు. కారణం రాయలేదు. మంగతాయారు ఆ కాగితాన్ని రైల్వే స్టేషన్లో మైకు ప్రకటన విన్నట్టు విని, "అలాగేలే" అంది.

కానీ అప్పటికే ఆవిడ పంతులు గారిని కలిసి ముహూర్తం పెట్టించుకుంది. కుర్చీకి ముహూర్తమేమిటని ఆయనా అడగలేదు. గృహప్రవేశం అని చెప్పింది కాబోలు. దశమి, పుష్యమి నక్షత్రం, ఉదయం తొమ్మిది పన్నెండుకి. ఆ వేళకి పట్టుచీర కట్టుకుని, పసుపు రాసుకుని ల్యాబుకి వచ్చింది. కుర్చీ ఎక్కేటప్పుడు కుడికాలు ముందు పెట్టింది. కుర్రాళ్ళైన టెక్నీషియన్లు ముసిముసిగా నవ్వారు. ధరణి ఆవిడ తలకి పట్టీ కట్టి, మీట నొక్కింది.

బయటున్న వాళ్ళకి లోపలి ఊరు కనబడదు. తెర మీద ఒక ఆకుపచ్చ గీత మాత్రం కనబడుతుంది. మనిషి కొత్త చోట అడుగు పెట్టగానే ఆ గీత లేస్తుంది, కాసేపటికి దిగుతుంది. ల్యాబులో దాన్ని కొత్త గీత అంటారు. మామూలుగా అది తెర సగం దాకా లేస్తుంది. మంగతాయారుది లేచింది, ఇంకా లేచింది, తెర పై అంచు దాటి కనబడకుండా పోయింది. కుర్చీలో ఆవిడ పెదాలు కదులుతున్నాయి. రెండు చేతులూ జోడించింది. మూసిన కళ్ళలోంచి నీళ్ళు చెవుల మీదుగా కారి దిండు తడిసింది. ఎవరో పిలిస్తే కోదండపాణి గారు కూడా పరుగున వచ్చారు. ఇన్నేళ్ళలో ఇంత ఎత్తు గీత చూడలేదని, దాన్ని ఫోటో తీయించారు.

లేచి కూర్చోగానే మంగతాయారు కోడలి చెయ్యి పట్టుకుంది. "తూర్పు వైపే పొంగాయే అమ్మాయ్!"

"ఏంటి అత్తయ్యా?"

"పాలు. నా గిన్నె అక్కడే పొయ్యి పక్కన ఉందే. ఎలా వచ్చిందో! శేషు నాన్న కూడా గుమ్మంలో నిలబడ్డట్టే ఉంది. కళ్ళారా చూసుకున్నాను."

మనిషి మనసు గట్టిగా పట్టుకున్న వస్తువులు కుర్చీలో వెంట వస్తాయని ధరణికి తెలుసు. మనుషులు కూడా వస్తారని తెలియదు. మామగారు పోయి ఆరేళ్ళయింది. "పదండి, ఇంటికి వెళ్దాం" అంది.

ఆ రాత్రి మంగతాయారు హాయిగా నిద్రపోయింది. తెల్లారి లేచింది మాత్రం వేరే మనిషి. సామాను దగ్గరికి రాలేదు. ఆవకాయ జాడీ గురించి అడిగితే, "ఎందుకులే బరువు" అంది. మూడో రోజున ఇత్తడి గిన్నె కనబడకపోతే ధరణి వెతికింది.

"పక్కింటావిడకి ఇచ్చేశానే," అంది మంగతాయారు పడక్కుర్చీలోంచి.

"పాలు పొంగించాలన్నారుగా?"

"పొంగించేశాగా." అరిటాకు మడిచేసినట్టు తేల్చేసింది. "ఆ పాతింటి కరెంటు మీటరు సంగతి శేషుని చూసుకోమను."

పాతిల్లంటే ఏదో అర్థం కావడానికి ధరణికి ఒక క్షణం పట్టింది. ఆవిడ కూర్చుని ఉన్న ఇల్లే. ముప్పై తొమ్మిదేళ్ళ కిందట కొత్త కోడలిగా కాలు పెట్టిన ఇల్లే. వారం తిరక్కుండా ఎదురింటి పిల్ల పెళ్ళయి వెళ్ళిపోయింది. వీధి వీధంతా కళ్ళొత్తుకుంటుంటే మంగతాయారు అరుగు మీద నిలబడి, ఎండగా ఉందని లోపలికి వచ్చేసింది.

మర్నాడు ధరణి కోదండపాణి గారి గదికి వెళ్ళింది.

"సార్, చూసొచ్చిన వాళ్ళు నిజంగా అక్కడికి వెళ్ళినప్పుడు గీత లేస్తుందా?"

ఆయన సొరుగులోంచి కొన్ని కాగితాలు తీసి బల్ల మీద పరిచారు. ఇరవైమందికి పట్టీ కట్టి విమానం ఎక్కించి మరీ చూశారట. ఇరవై గీతలూ గచ్చు నేలలా సమంగా ఉన్నాయి.

"మనసు ఏ ఊరికైనా కొత్తగా ఒక్కసారే వెళ్తుందమ్మా. ఆ ఒక్కసారీ ఈ కుర్చీలో అయిపోతే అక్కడ దిగులుండదు."

"సంతోషం?"

"అదీ ఆ గీతేగా."

"ఒకటి తీసేసి ఒకటి ఉంచడం కుదరదా సార్?"

"ఆరేళ్ళుగా ఆ పనిలోనే ఉన్నాను." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నన్ను కసాయివాణ్ణి అనుకోకు. పాతికేళ్ళప్పుడు జర్మనీ వెళ్ళాను. పెద్ద చదువు, పెద్ద పేరు. సాయంత్రం నాలుగింటికి చీకటి పడేది. గదిలో కూర్చుని గోడకేసి చూస్తూ ఏడ్చేవాణ్ణి. మూడు నెలల్లో పెట్టె సర్దుకుని వచ్చేశాను. మా అమలాపురంలో ఇప్పటికీ ఆ కథ చెప్పుకుని నవ్వుతారు. ఇంకెవరికీ ఆ గతి పట్టకూడదనే ఇదంతా."

ఆయన చెప్పింది అబద్ధం కాదు. మొదట్లో ఒక కుటుంబం తమ పిల్లవాణ్ణి కుర్చీ ఎక్కించకుండా కెనడా తీసుకెళ్ళింది. వాడు నలభై రోజులు నోరు విప్పలేదు, సరిగా తినలేదు, చివరికి అందరూ తిరిగొచ్చేశారు. ఆ ఫైలు ధరణి చేతులతోనే కట్టింది.

"నా గీతలు చూపిస్తారా?" అని అడిగింది.

చూపించారు. మొదటి దేశానికి సగం తెర. మూడోదానికి పావు. ఏడోదానికి చిన్న బొడిపె. గ్రోవిక్ మొదటిసారి చూసినప్పటి గీతలో అసలేమీ లేదు.

"నిన్ను రెండేళ్ళ కిందటే ఆపాల్సింది," అన్నారు కోదండపాణి గారు. "ఒక్కసారి చూసొచ్చిన వాళ్ళకి ఆ ఒక్క ఊరే పోతుంది. ఆరో నిబంధన దాటితే, వదిలి వెళ్ళే ఊరు కూడా పోతుంది. నువ్వు పదకొండు చూశావు. తప్పు నాదే. చాలా పెద్ద తప్పు."

"ఫర్వాలేదు సార్," అంది ధరణి. మర్యాదకి అనలేదు. నిజంగానే ఆమెకి ఫర్వాలేదనిపించింది. ఆయనకే కళ్ళు చెమర్చాయి. ఆమె తలుపు వేసి వచ్చేసింది.

ఇంటి దగ్గర చార్వి బొమ్మ వేస్తోంది. నార్వే అట. మంచు నిండా కొబ్బరిచెట్లు, చెట్టుకో దుప్పటి.

"నాన్నా, అక్కడ కాకులుంటాయా?"

"ఉంటాయి."

"తెల్ల కాకులా, నల్ల కాకులా?"

"నల్లవే."

"నానమ్మా, మంచు తింటే ఎలా ఉంటుంది?"

"వెళ్ళాక చూద్దువుగానిలే."

"అమ్మా, నేనెప్పుడు చూసొస్తాను? శనివారమేనా? అక్కడ బడిలో నా పక్కన ఎవరు కూర్చుంటారో కూడా కనబడుతుందా?"

ఇంట్లో అడగడానికి ప్రశ్నలు మిగిలినది ఆ పిల్లకొక్కదానికే. ధరణి ఆ మాట గమనించింది, దీపం ఆరిందనో కుళాయి కారుతోందనో గమనించినట్టు.

ఆమె శుక్రవారమంతా ఆలోచించింది. ఆలోచించిందంటే గుండె బాదుకుందని కాదు. కూరగాయలు తరుగుతూ, రెండు పక్కలా ఏమున్నాయో చూసుకుంది. కుర్చీ ఎక్కిస్తే పిల్లకి దిగులుండదు, గ్రోవిక్‌లో బడికి నవ్వకుండా ఏడవకుండా వెళ్తుంది, ఏడాది తిరిగాక ఎవరో ఫోన్ చేస్తే బాగానే ఉందండీ అంటుంది. ఎక్కించకపోతే ఆ కెనడా పిల్లవాడిలా అయిపోవచ్చు. అప్పుడు దాన్ని దగ్గరికి తీసుకుని ఓదార్చాల్సిన తల్లి తనే. తనకి ఓదార్చడం చేతనవుతుందా? ఒకప్పుడు చేతనయ్యేది. ఇప్పుడు ఏడ్చే పిల్లని పట్టుకుని ఏం చెయ్యాలో గుర్తు తెచ్చుకుని చెయ్యాలి. దొంగ సంతకం బయటపడితే శేషు ఉద్యోగం పోతుంది, తన ఉద్యోగం పోతుంది. ఇన్ని తెలిసి ఏ తల్లయినా భయపడాలి. ఆమె భయం కోసం ఎదురుచూసింది, అది రాలేదు.

శనివారం పొద్దున పిల్లని ల్యాబుకి తీసుకెళ్ళింది. పిల్లలకి ఇచ్చే నిద్రమందు తేనెలో కలిపి ఇచ్చింది. చార్వి కుర్చీలో వెల్లకిలా పడుకుని, "అమ్మా, నేను అక్కడ తప్పిపోతే?" అంది. "తప్పిపోవులే" అని పట్టీ కట్టింది. పిల్ల కళ్ళు మూతపడ్డాయి. ధరణి మీట దగ్గర వేలు పెట్టి, చాలాసేపు అలాగే ఉంచి, తీసేసింది.

నలభై నిమిషాలూ స్టూలు మీద కూర్చుంది. తెర మీద గీత లేదు. తర్వాత పాత ఫైళ్ళలోంచి ఆ వయసు పిల్లదే ఒక గీత తెచ్చి చార్వి కాగితం మీదికి ఎక్కించి, కింద సంతకం పెట్టింది. చెయ్యి వణకలేదు. వణికితే బాగుండునని మాత్రం అనుకుంది.

"నాకేం కనబడలేదే!" అంది పిల్ల లేచి.

"కొందరికి గుర్తుండదమ్మా."

"నార్వే కనబడకుండానే అయిపోయిందా?" పిల్ల పెదవి విరిచి, దారిలో ఐస్‌క్రీము చూసి ఆ సంగతి మర్చిపోయింది.

మార్చి రెండో వారంలో బయల్దేరారు. మూడు విమానాలు మారి, చివరికి ఒక బస్సెక్కి గ్రోవిక్‌లో దిగేసరికి మధ్యాహ్నం ఒంటిగంట కావస్తోంది. రోడ్డుకి రెండు పక్కలా మోకాలెత్తు మంచు. బస్సు వెళ్ళిపోయాక ఊరంతా నిశ్శబ్దంగా ఉంది. శేషు పెట్టెలు రెండు చేతులా పట్టుకుని, ఎవరినీ అడగకుండా ఎడమ సందులోకి తిరిగాడు. మంగతాయారు జారేచోట అడుగు పక్కకి వేసి, సంతకెళ్ళి వస్తున్న మనిషిలా వెనకాలే నడిచింది. ధరణికి ప్రతి గేటూ తెలుసు. మూడో ఇంట్లో కుక్క మొరుగుతుందనుకుంది, మొరిగింది. చర్చి గంట ఒక్కసారే కొట్టింది. ఎర్ర చెక్కల ఇల్లు, నాలుగు మెట్లు. మంగతాయారు తిన్నగా లోపలికి వెళ్ళి, ఏ అలమరాలో ఏముందో చూడకుండానే టీ గిన్నె తీసింది. ఏ కాలు ముందు పెట్టిందో ఆవిడ చూసుకోలేదు.

చార్వి మెట్ల దగ్గరే ఆగిపోయింది.

"అమ్మా, ఇది ఏ ఊరు?"

"గ్రోవిక్ అమ్మా."

"మనింటికి ఎప్పుడెళ్తాం?"

"ఇదే మనిల్లు."

పిల్ల ఇంటిని చూసింది, వెనక్కి తిరిగి మంచుని చూసింది, దూరంగా కొండల మధ్య బూడిదరంగు సముద్రాన్ని చూసింది. పలకరించే మొహం ఒక్కటీ లేదు. అప్పుడు మొదలుపెట్టింది. ముందు సన్నగా, తర్వాత గొంతు చించుకుని.

"నాకొద్దు! నాకీ తెలుపొద్దు! ఇంటికెళ్దాం, ఇంటికెళ్దాం అమ్మా!"

మెట్టు మీద కూలబడి, చెక్క కమ్మీని రెండు చేతులా పట్టుకుంది. ముక్కు, కళ్ళు, మొహమంతా ఏకమైంది. ఎదురింటి కిటికీ తెర కదిలింది. ధరణి పక్కన వంగి, పిల్ల వీపు మీద చెయ్యి వేసింది. అలా వెయ్యాలని గుర్తుంది. ఆ చిన్న ఒళ్ళు లోపల్నుంచి ఎగిరెగిరి పడుతోంది.

వెక్కిళ్ళ మధ్యన పిల్ల తల్లి మొహంలోకి చూసింది. "నీకు ఏడుపు రావట్లేదా?"

"రావట్లేదమ్మా."

"నాకెందుకొస్తోంది?"

"నువ్వు కొత్తగా వచ్చావు కాబట్టి."

"నువ్వూ కొత్తేగా?"

"కాదమ్మా," అంది ధరణి.

మంగతాయారు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. మనవరాలి ఏడుపు విని ఏదో గుర్తు తెచ్చుకుంటున్నట్టు మొహం పెట్టింది. ఒక వేలితో తన చెంప తడుముకుని, పొడిగా ఉన్న ఆ వేలికేసి చూసుకుంది. "పిల్లకి చలేస్తోందేమో, లోపలికి తీసుకురండి," అని మళ్ళీ వంటింట్లోకి వెళ్ళింది.

పెట్టెలు లోపల పెట్టి శేషు బయటికి వచ్చాడు. చేప ఎందుకు మేత తినడం లేదో చూసినట్టు పిల్లని కాసేపు పరీక్షగా చూశాడు.

"ఇది చూసి రాలేదు కదూ?" అన్నాడు.

"లేదండి."

"సంతకం నువ్వే పెట్టావుగా."

"పెట్టాను."

కోపం వస్తుందేమోనని ధరణి చూసింది. ఆ మొహంలో కోపం లేదు, తలకి మించిన లెక్క ఇచ్చినట్టు ఒక చిన్న ముడత మాత్రం ఉంది. శేషు జేబులోంచి ఫోను తీశాడు. "రేవు ఆఫీసులో కూడా మీ ల్యాబులో లాంటి కుర్చీ ఒకటి ఉందిట, కంపెనీ కాగితంలో రాశారు. మొదటి వారంలోగా అయితే ఇప్పటికీ పనిచేస్తుందిట. నలభై నిమిషాల పని. రేపు పొద్దున తీసుకెళ్తే, మధ్యాహ్నానికి మామూలైపోతుంది."

"వద్దండి."

"ఎందుకే? ఊరికే ఏడిపించడం దేనికి?"

"ఏడవనీయండి," అంది ధరణి. "మనింట్లో ఒక్కరన్నా ఈ ఊరికి రావాలి కదా."

"అందరం వచ్చాంగా."

"మనం చూసొచ్చాం. వచ్చింది ఇదొక్కతే."

పిల్ల గొంతు బొంగురుపోయింది, అయినా ఆపలేదు. మంచు మీదుగా ఆ ఏడుపు వీధి చివరిదాకా వెళ్తోంది. శేషు ఒకసారి వీధికేసి, ఒకసారి కూతురికేసి చూసి, ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"ఇలా ఎన్నాళ్ళు ఏడుస్తుందే?" అని అడిగాడు.

"తెలీదు," అంది ధరణి, తడి మెట్టు మీద కూతురి పక్కన కూర్చుంటూ. ఆ ఊళ్ళో ఆమెకు తెలియనిది అదొక్కటే.